ఖాళీ వీధికి ఫిర్యాదులుండవు

జాతీయ నేర గణాంకాల నివేదిక వెలువడిన ప్రతిసారీ మన దగ్గర ఒకే తంతు నడుస్తుంది. మహిళలపై నేరాల కేసులు పెరిగితే పాలన పడకేసిందని ప్రతిపక్షం అంటుంది. తగ్గితే అది తమ ఘనతేనని అధికార పక్షం చెప్పుకుంటుంది. పెరిగినా తప్పేం లేదు, ధైర్యంగా ముందుకొచ్చి ఫిర్యాదు చేసేవాళ్లు పెరిగారని అధికారులు సర్దిచెబుతారు. మూడు వాదాల్లోనూ ఎంతో కొంత నిజం ఉండవచ్చు. వీధి వేధింపుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం మూడింటికీ ఒకే లోపం ఉంది. అసలు వీధిలోకి ఎంతమంది ఆడవాళ్లు వచ్చారో చూడకుండానే, వీధిలో వాళ్లకు జరిగినవాటి లెక్క కడుతున్నాం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేను ఐఐటీ ఢిల్లీ పరిశోధకుడు రాహుల్ గోయల్ విశ్లేషించారు. పట్టణ ప్రాంతాల్లో సర్వే లెక్కలోకి తీసుకున్న రోజున 53 శాతం ఆడవాళ్లు ఒక్కసారి కూడా గడప దాటలేదని తేలింది. మగవాళ్లలో అలాంటివారు 14 శాతం. ఇందుకు వీధి భయం ఒక్కటే కారణం అనలేం. ఇంటి చాకిరీ, ఉద్యోగాలు లేకపోవడం, పెద్దల ఆంక్షలు అన్నీ కలిసే ఉంటాయి. కారణం ఏదైనా, ఊళ్లో సగం మంది రాని సంతలో జేబుదొంగతనాలు తగ్గాయని మురిసిపోతే ఆ లెక్కకు అర్థం ఉండదు. బహిరంగ స్థలం భద్రంగా ఉందో లేదో తేల్చాల్సింది ఫిర్యాదుల దస్త్రం కాదు. ఏ వేళకు, ఏ చోట, ఎంతమంది ఆడవాళ్లు నిశ్చింతగా మసలుతున్నారన్నదే అసలు కొలమానం. కొలమానం మారితే మనం చేసే పనులూ మారతాయి.

వేధింపు వల్ల కలిగే నష్టంలో పోలీస్ స్టేషన్ దాకా చేరేది అతి చిన్న భాగం. మిగతా నష్టాన్ని ఆడపిల్లలు తమ బతుకును తామే కుదించుకుని పూడుస్తుంటారు. దగ్గరి దారి ఉన్నా చుట్టుదారిన వెళతారు. ఖాళీ బస్సు వచ్చినా ఎక్కక ఇంకో బస్సు కోసం నిలబడతారు. సాయంత్రం ట్యూషన్ మానుకుంటారు, షేర్ ఆటోకు సరిపోయే చోట ఒంటరిగా ఆటో మాట్లాడుకుంటారు. ఈ అదృశ్య సుంకం ఎంతో ఆర్థికవేత్త గిరిజా బోర్కర్ ఢిల్లీ విశ్వవిద్యాలయం విద్యార్థుల మీద చేసిన అధ్యయనం అంకెల్లో చూపింది. ఎవరికి ఏ కాలేజీలో సీటు వచ్చే అవకాశం ఉంది, ఏది ఎంచుకున్నారు, ఇంటి నుంచి అక్కడికి వెళ్లే దారి ఎంత భద్రం అన్నవి ఆమె పక్కపక్కన పెట్టి చూశారు. దారి కాస్త భద్రంగా ఉంటుందంటే, నాణ్యతలో మొదటి 20 శాతంలో ఉన్న కాలేజీని వదులుకుని కింది సగంలో ఉన్నదానికి పోవడానికి కూడా అమ్మాయిలు సిద్ధపడుతున్నారని ఆమె లెక్క తేల్చింది. అంతే భద్రత కోసం అబ్బాయిలు దిగివచ్చేది మొదటి 20 శాతం నుంచి 30 శాతం దాకానే. భద్రమైన దారి కోసం అబ్బాయిలకంటే ఏడాదికి 18,800 రూపాయలు ఎక్కువ ఖర్చు పెట్టుకోవడానికి కూడా అమ్మాయిలు వెనుకాడటం లేదు. చదువులో వాళ్ల కంటే వెనకున్నవాడు మంచి కాలేజీలో చేరితే, ఆ తేడా తర్వాత ఉద్యోగంలో, జీతంలో కనిపిస్తుంది. దానికి ఎఫ్ఐఆర్ ఉండదు, నిందితుడూ ఉండడు.

ఫిర్యాదు ఎందుకు రాదో తెలియాలంటే మన భాషను వింటే చాలు. తెలుగులో 'అల్లరి' అనే మాట ఉంది. కుర్రాళ్లు అల్లరి చేశారంటే అది వయసు తెచ్చిన చిలిపితనం. అదే మాట ఆడపిల్లకు అంటుకుంటే 'అల్లరైపోయింది' అంటాం, అంటే పరువు పోయిందని. చేసినవాడికి ఆటా, పడ్డ పిల్లకు అపకీర్తీ రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. వార్తల్లో వేధించేవాళ్లు 'ఆకతాయిలు' అవుతారు. ఆ మాట బడి ఎగ్గొట్టే పిల్లలకు సరిపోయేది. 'పోకిరి' అనేది 2006లో ఘనవిజయం సాధించిన ఒక సినిమాకు పేరయింది. పదేపదే వద్దంటున్న అమ్మాయి వెంటపడటమే ప్రేమ అని మన తెర దశాబ్దాలుగా పాట కట్టి చూపిస్తోంది. ఇలాంటి వాతావరణంలో బస్టాండులో ఎవడో చెయ్యి వేశాడని ఇంట్లో చెబితే ఏమవుతుందో ఆడపిల్లకు ముందే తెలుసు. రేపటి నుంచి తమ్ముడు తోడొస్తాడు, లేదంటే కాలేజీ మార్పిస్తారు, అదీ కాదంటే సంబంధాలు చూడటం మొదలుపెడతారు. వేధించినవాడికి పడే శిక్షకు గ్యారంటీ లేదు, చెప్పిన పిల్లకు పడే శిక్ష మాత్రం ఖాయం. అందుకే ఆమె మౌనం పిరికితనం అనుకోకూడదు. చదువును కాపాడుకోవడానికి ఆమె వేసుకున్న లెక్క అది. ఈ లెక్క తారుమారు కానంతకాలం, 'ఎందుకు ఫిర్యాదు చేయరు' అని ఆడపిల్లలను అడగడం వృథా.

చట్టం లేదన్న సాకు ఎప్పుడో చెల్లిపోయింది. స్త్రీని అవమానించే మాట, సైగ నేరమని 1860 నాటి శిక్షాస్మృతే చెప్పింది. 1998లో చెన్నైలో ఒక కళాశాల విద్యార్థిని వేధింపుల మూలంగా ప్రాణాలు కోల్పోయాక తమిళనాడు ప్రత్యేక చట్టమే తెచ్చింది. 2012 నవంబరు 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఈ సందర్భంలో ప్రత్యేకంగా గుర్తుచేసుకోవాలి. బస్టాండులో ఒక మహిళతో అసభ్యంగా ప్రవర్తించి ఉద్యోగం పోగొట్టుకున్న పోలీసు కేసు అది. అతని బర్తరఫ్‌ను సమర్థిస్తూ కోర్టు దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, సినిమా హాళ్లు, పార్కులు, గుళ్ల దగ్గర మఫ్టీలో మహిళా పోలీసులను పెట్టాలంది. బస్సులో వేధింపు జరిగితే, బాధితురాలు అడిగితే సిబ్బంది బండిని నేరుగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాలంది. సరిగ్గా 16 రోజులకు ఢిల్లీలో, కదులుతున్న బస్సులోనే నిర్భయ సామూహిక అత్యాచార ఘోరం జరిగింది. ఆ తర్వాత జస్టిస్ జె.ఎస్.వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. 2013 సవరణతో లైంగిక వేధింపు, వెంటపడటం విడివిడి నేరాలయ్యాయి. 2024 జులై 1 నుంచి అవే భారతీయ న్యాయసంహితలో 75, 78 సెక్షన్లుగా, అవమానకర మాట, సైగ 79వ సెక్షన్‌గా కొనసాగుతున్నాయి. సెక్షన్లకు కొదవలేదు. వేధింపు ఎదురైతే బస్సును స్టేషన్‌కు తిప్పాలని ఎంతమంది కండక్టర్లకు తెలుసు అన్నదే ప్రశ్న.

అమలు విషయంలో తెలుగు నేల దేశానికి ఒక నమూనా ఇచ్చిన మాట నిజం. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు రెండు ముఖ్యమైన అడ్డంకులను తొలగించాయి. ఒకటి, వాట్సాప్‌లో సందేశం పంపినా ఫిర్యాదుగా తీసుకుని వివరాలు గోప్యంగా ఉంచడంతో, స్టేషన్ మెట్లెక్కితే అల్లరైపోతామన్న భయం తగ్గింది. రెండు, బాధితురాలు రాకముందే మఫ్టీ సిబ్బంది బస్టాపుల్లో నిలబడి, జరుగుతున్నదాన్ని వీడియో తీసి పట్టుకోవడంతో సాక్ష్యం భారమంతా ఆమె నెత్తిన పడటం తగ్గింది. అయితే పోలీసు పహారా ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో హైదరాబాద్‌లోనే జరిగిన ఒక శాస్త్రీయ ప్రయోగం చెబుతుంది. సోఫియా అమరల్, గిరిజా బోర్కర్, నిశిత్ ప్రకాశ్ తదితర ఆర్థికవేత్తలు నగర పోలీసులతో కలిసి, వేధింపులు ఎక్కువగా ఉండే 350 చోట్ల ఈ పరీక్ష చేశారు. కొన్ని చోట్లకు యూనిఫాంలో, కొన్ని చోట్లకు మఫ్టీలో గస్తీ పంపారు, మరికొన్నింటిని యథాతథంగా వదిలేశారు. పరిశీలకులను అక్కడే నిలబెట్టి, కంటి ముందు జరిగిన ప్రతి వేధింపునూ నమోదు చేయించారు. మొత్తం వేధింపుల సంఖ్య మీద గస్తీ ప్రభావమేమీ కనిపించలేదు. కానీ యూనిఫాం పోలీసులు కనబడిన చోట్ల, బలవంతంగా తాకడం, బెదిరించడం లాంటి తీవ్రమైన చేష్టలు 27 శాతం తగ్గాయి. వేధింపు మూలంగా ఆడవాళ్లు ఆ చోటు విడిచి వెళ్లిపోవడమూ తగ్గింది. పోలీసు కనబడటంతో పాటు, వేధింపును ఆ పోలీసు ఎంత తీవ్రంగా పరిగణిస్తాడన్నది కూడా ఫలితాన్ని నిర్ణయించింది.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదువుకోవాలి. మఫ్టీలో ఉన్న పోలీసు వేధించేవాణ్ని పట్టుకోగలడు, కానీ ఎవరికీ కనబడడు కాబట్టి ఆ చోటు స్వభావాన్ని మార్చలేడు. యూనిఫాం కనబడితే చెయ్యి వెయ్యబోయినవాడు ఆగుతాడు, పక్కనున్న అమ్మాయి అక్కడే నిలబడగలుగుతుంది. కేసుల సంఖ్యను బట్టి మార్కులేస్తే మఫ్టీ బృందానికే ఎక్కువ పడవచ్చు. ఆడవాళ్లు ఆ చోట ఉండగలిగారా అని చూస్తే యూనిఫాం గస్తీ నెగ్గుతుంది. కొలమానం మారితే విధానం ఎలా మారాలో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ ఉండదు. ఇక రెండో పాఠం. చూపులు, ఈలలు, వెకిలి వ్యాఖ్యలను గస్తీ కదిలించలేకపోయింది. వాటిని నేరంగా చూడని సమాజంలో, మూల మూలకూ పోలీసును నిలబెట్టినా ఆ పని పోలీసు ఒక్కడి వల్ల అయ్యేది కాదు. మిగిలిన పని ఆ స్థలమూ, అక్కడుండే మనుషులూ చేయాలి.

స్థలం అంటే మున్సిపాలిటీ, ఆర్టీసీ, రోడ్లు భవనాల శాఖ, ఎక్సైజ్ శాఖ. 2013లో మొదలైన సేఫ్టీపిన్ యాప్ ఒక వీధి భద్రతను తూచడానికి తీసుకున్న అంశాలను చూస్తే ఇది తెలుస్తుంది. వెలుతురు, కాలిబాట, మలుపు వెనకాల ఏముందో కనబడటం, కిటికీలూ దుకాణాలూ వీధి వైపు తెరిచి ఉండటం, జనం, అందులో ఆడవాళ్ల వాటా, రవాణా అందుబాటు. పోలీసు పహారా వీటికి తోడయ్యే ఒక అంశం మాత్రమే. మన పట్టణాల్లో పరిస్థితి ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. ఇంజనీరింగ్ కాలేజీలు ఊరికి దూరంగా హైవే పక్కన వెలిశాయి. వాటి ముందున్న బస్టాపులకు చాలాచోట్ల కప్పు ఉండదు, దీపం ఉండదు. వైన్ షాపు మాత్రం మెయిన్ రోడ్డు మీద, బస్టాపుకు కూతవేటు దూరంలో దీపాలతో వెలిగిపోతుంది. దాని ముందున్న కాలిబాట సాయంత్రమయ్యేసరికి తాగేవాళ్ల సొంతమవుతుంది. ట్రాఫిక్‌కు అడ్డమని పూల బండిని, ఇడ్లీ బండిని తీసేయిస్తాం. రాత్రి పది దాకా ఆ మూలన ఒక దీపమూ, నాలుగు కళ్లూ ఉండేది ఆ బండి దగ్గరేనన్నది మర్చిపోతాం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టాన్ని జీవనోపాధి చట్టంగానే చూస్తున్నాం. రాత్రి వేళ వీధిని కనిపెట్టుకుని ఉండే జీతం లేని కాపలాదారుల చట్టంగానూ దాన్ని చూడవచ్చు. అలాగే ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి లేని బస్టాండు, ఎక్కువసేపు ఇక్కడ ఉండొద్దని వాళ్లకు మాట లేకుండానే చెబుతుంది.

ఇటీవలి కాలంలో బహిరంగ స్థలాన్ని ఎక్కువగా మార్చిన నిర్ణయం పోలీసు శాఖది కాదు, రవాణా శాఖది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. ఖజానా భారం గురించీ, ఆటో డ్రైవర్ల నష్టం గురించీ జరిగిన చర్చలో పదోవంతు కూడా భద్రత కోణంలో జరగలేదు. ఒక బస్సులో ఆడవాళ్లు పది మంది ఉండటానికీ నలభై మంది ఉండటానికీ ఎంతో తేడా ఉంది. పది మందిలో ఒకామె గొంతెత్తితే ఒంటరిది. నలభై మందిలో ఆ గొంతుకు వెంటనే తోడు దొరుకుతుంది. అయితే ఇక్కడొక మెలిక ఉంది. బస్సుల సంఖ్య పెరగకుండా జనమే పెరిగితే, ఆ కిక్కిరిసిన తోపులాటే తాకేవాడికి సాకు అవుతుంది. పైగా బస్సు దిగాక ఇంటిదాకా నడిచే అర కిలోమీటరు చీకటిలో టికెట్ ఉచితమైనా ప్రయోజనం లేదు. కాబట్టి ఈ పథకాన్ని సంక్షేమం ఖాతాలోనే వదిలేయకుండా, బస్సుల సంఖ్య, చివరి బస్సు వేళ, స్టాపు నుంచి ఇంటిదాకా దీపాలు కలిపి ఒకే భద్రతా ప్రణాళికగా చూడాలి.

ఈ వాదానికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది పెద్దల మాట: ముందు జాగ్రత్త మంచిదే కదా, చీకటి పడ్డాక బయట పనేమిటి? ఒక తల్లి తన బిడ్డకు చెప్పే జాగ్రత్తను తప్పు పట్టలేం. అదే జాగ్రత్త ప్రభుత్వ విధానమైతే మాత్రం ప్రమాదం. 2024 ఆగస్టులో కోల్‌కతాలో ఆస్పత్రిలోనే వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగాక, వీలైనంతవరకు మహిళలకు రాత్రి డ్యూటీలు వేయొద్దని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సూచించింది. భద్రత కల్పించడం మీ బాధ్యత, ఆడవాళ్లు రాత్రి పనిచేయకూడదని ఎలా అంటారని సుప్రీంకోర్టు నిలదీసింది. నీతి మాట అలా ఉంచి లెక్క చూసినా, ఒక్కొక్క ఆడమనిషి వీధి విడిచి వెళ్లేకొద్దీ మిగిలినవాళ్లకు ఆ వీధి మరింత ప్రమాదకరం అవుతుంది. మా పిల్లను ఆపి మా ఇంటి భద్రత పెంచుకున్నామనుకుంటాం. నిజానికి పక్కింటి పిల్ల ఒంటరితనాన్ని పెంచాం.

రెండో అభ్యంతరం ఎదుటి దిశ నుంచి వస్తుంది: కఠిన శిక్షలు వేస్తే భయముంటుంది, దీపాలూ బస్సులూ ఎందుకు? 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన దిశ అత్యాచారం, హత్య తర్వాత ఈ మాట చాలా గట్టిగా వినిపించింది. నిందితులు నలుగురూ డిసెంబరు 6న ఎన్‌కౌంటర్‌లో చనిపోతే జనం పోలీసులపై పూలు చల్లారు. ఉద్దేశపూర్వకంగానే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ అదే డిసెంబరులో కఠిన శిక్షల కోసం ఆమోదించిన దిశ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదమే దక్కలేదు. అంతకుముందు 2008లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ పోసినప్పుడూ ఎన్‌కౌంటరే జరిగింది. ఆ భయమే పనిచేసి ఉంటే 2021 ఆగస్టు 15న గుంటూరులో పట్టపగలు నడిరోడ్డు మీద ఒక బీటెక్ విద్యార్థిని హత్య జరిగేది కాదు. వరంగల్‌లోనూ గుంటూరులోనూ యాసిడ్‌కూ కత్తికీ ముందు ప్రేమ పేరిట వేధింపు నడిచింది. అడ్డుకోగలిగిన దశ అదే. చిన్న దశలో చిన్న శిక్ష ఖాయంగా పడితే పనిచేస్తుంది. శిక్ష మరీ పెద్దదైతే, 'కుర్రాడి జీవితం పాడైపోతుంది' అని కానిస్టేబుల్ దగ్గర నుంచి బాధితురాలి తండ్రి దాకా అందరూ వెనకడుగు వేస్తారు.

మూడో అభ్యంతరాన్ని ఎక్కువ మర్యాదతో వినాలి. నిఘా పెరిగితే ప్రేమ జంటలను వేధించడానికి, పేద కుర్రాళ్లను అనుమానంతో పట్టుకుపోవడానికి అది వాడుకుంటారన్న భయం ఉత్తది కాదు. 2017లో ఉత్తరప్రదేశ్‌లో యాంటీ రోమియో దళాలు పార్కుల్లో జంటలను నిలదీసిన తీరు దేశం చూసింది. వేధింపును ఆపడానికి పుట్టిన దళం, ఇష్టపడి కలిసి కూర్చున్నవాళ్లను విడదీసింది. అందుకే గీత స్పష్టంగా ఉండాలి. ఆడమనిషి వద్దన్నదా లేదా అన్నదే నేరానికి గుర్తు, ఆమె ఎవరితో ఉంది, ఏం కట్టుకుంది అన్నవి కావు. కెమెరాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. హైదరాబాద్‌లో లక్షల్లో ఉన్న సీసీ కెమెరాలు జరిగిన తర్వాత నిందితుడిని వెతకడానికి బాగా పనికొస్తాయి. చెయ్యి పడుతున్న క్షణంలో కెమెరా అరవదు, అడ్డం పడదు. దీపం స్తంభానికి పెట్టాల్సిన డబ్బును కెమెరాకు పెట్టి భద్రత సమకూరిందనుకుంటే అది పోలీసుకు సౌకర్యమే గానీ నడిచే మనిషికి కాదు.

మరి ఏం చేయాలి? ముందు లెక్క మార్చాలి. ప్రతి కార్పొరేషన్, మున్సిపాలిటీ ఏటా ఒకసారి తన బస్టాపులు, మార్కెట్లు, పార్కుల దగ్గర ఉదయం, సాయంత్రం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు అని తలలు లెక్కపెట్టి ప్రకటించాలి. దీనికి పెద్ద సాంకేతికత అక్కర్లేదు, నలుగురు విద్యార్థులు, ఒక కాగితం చాలు. ఏ స్టాపులో తొమ్మిదింటికి ఆడవాళ్లు కనుమరుగవుతున్నారో అక్కడే ముందు దీపం, యూనిఫాం గస్తీ, తర్వాతి బస్సు రావాలి. వేధింపులను ఫిర్యాదుల మీద ఆధారపడకుండా ఇంటింటి సర్వేతో కొలవాలి. పోలీసు అధికారి పనితీరును కేసుల సంఖ్యతో తూచడం మానాలి. అలా తూచితే, కేసు తగ్గించి చూపడానికి ఫిర్యాదును రాసుకోకపోవడమే తేలిక దారి అవుతుంది. హైదరాబాద్ ప్రయోగం చూపినట్టు వేధింపు పట్ల పోలీసు దృష్టే ఫలితాన్ని మారుస్తుంది కాబట్టి, శిక్షణ కూడా అక్కడ మొదలు కావాలి. 2012 తీర్పు చెప్పిన కండక్టర్ బాధ్యతను బస్సులో అందరికీ కనబడేలా తెలుగులో రాసి పెట్టాలి. నిర్భయ నిధి 2013లో వెయ్యి కోట్లతో మొదలైంది కాబట్టి డబ్బు లేదన్న మాట నిలవదు, ఏ ప్రణాళికకు ఖర్చు పెడుతున్నామన్నదే మిగులుతుంది.

ఇంకొక్క లెక్క ఉంది, అది ప్రభుత్వం చేయలేనిది. మన ఏ ఊళ్లోనైనా చీకటి పడ్డాక కనబడే ఆడమనిషికి ఏదో ఒక పని ఉంటుంది. బస్సు కోసమో, మందుల కోసమో, పిల్లాణ్ని తీసుకురావడానికో వచ్చి, పని అవగానే ఇంటి దారి పడుతుంది. అదే వేళకు సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడిన మగవాళ్లను ఇక్కడ నీకేం పని అని ఎవరూ అడగరు. పనుండి రావడం అవసరం, పని లేకపోయినా రాగలగడం హక్కు. రాత్రి తొమ్మిదింటికి ఆ టీ కొట్టు దగ్గర, గ్లాసు చేతిలో పట్టుకుని ఊరికే నిలబడిన ఆడవాళ్లు ఎందరున్నారో లెక్కపెట్టి చూడండి. ఆ అంకె సున్నా అయినంతకాలం, ఆ సెంటర్ నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదని ఎవరు చెప్పినా అది భద్రతకు రుజువు కాదు. ఫిర్యాదు చేయాల్సినవాళ్లు అక్కడికి రావడమే మానేశారనడానికి రుజువు.